పిలిస్తే రావాలంటే...

మా నాన్న ఫోన్ చేస్తే నేను ఎత్తేవాణ్ని కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే నేను రాయబోయేది కుక్కల్ని తీసుకెళ్ళే బీచ్‌ల గురించి. మధ్యలో నాన్న ఎందుకొచ్చాడని మీరు అడుగుతారు. వస్తాడు. కాస్త ఓపిక పట్టండి.

మాది భీమిలి. ఇంటి నుంచి సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరం. నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మెడలో విజిల్ లేకపోయినా ఆయన గొంతే ఒక విజిల్. "ఒరేయ్" అంటే వీధి చివరున్న పిల్లలు కూడా క్రికెట్ ఆపేసేవాళ్ళు. నేను 2019లో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటూ, పగలంతా కోడ్ రాసుకుంటూ బతుకుతున్నాను. నాతోపాటు జున్ను ఉంటుంది.

జున్ను అంటే కుక్క. 2022లో షెల్టర్ నుంచి తెచ్చుకున్నాను. అప్పటికి దానికి రెండేళ్ళు ఉండొచ్చన్నారు. ఒళ్ళంతా లేత పసుపు కలిసిన తెలుపు, అచ్చం గిన్నెలోంచి కోసిన జున్నుముక్క రంగు. జాతి ఏంటని అడిగితే "మిక్స్" అన్నారు. వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న ఒకటే మాటన్నాడు. "దీనికి డబ్బులు కట్టి తెచ్చావా? మన వీధిలో పదున్నాయి, ఊరికే ఇస్తాను."

తాడు విప్పే చోటు

ఇండియాలో వీధికుక్కకి తాడుండదు, ఇంటికుక్కకి గేటు దాటే పని పెద్దగా ఉండదు. ఇక్కడ కథ వేరు. బయటికి తీస్తే తాడు ఉండాల్సిందే. ఇక్కడ దాన్ని లీష్ అంటారు. చాలా బీచ్‌లలో కుక్కల్ని అసలు రానివ్వరు, రానిచ్చినా లీష్‌తోనే. అందుకే లీష్ విప్పడానికి అనుమతి ఉన్న చోట్లంటే కుక్కలున్న వాళ్ళకి తిరణాలే.

శాన్‌డియాగోలో ఓషన్ బీచ్ అనే పేట ఉంది. అక్కడ నది సముద్రంలో కలిసే చోట డాగ్ బీచ్ ఉంది. 1972లోనే కుక్కల్ని స్వేచ్ఛగా వదలడానికి అనుమతి ఇచ్చారు. అమెరికాలో అధికారికంగా అలా వదిలిన మొదటి బీచ్‌లలో అదొకటి. మాంటెరే దగ్గర కార్మెల్ అనే చిన్న ఊరుంది. తెల్లటి మెత్తటి ఇసుక. అక్కడ కూడా కుక్క మన మాట వింటుందంటే తాడు విప్పొచ్చు. ఇంకా దగ్గర్లో కావాలంటే రిచ్‌మండ్‌లో పాయింట్ ఇసబెల్. అది బీచ్ కాదు, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఉన్న పార్కు. ఎదురుగా నీళ్ళు, మబ్బు లేని రోజు అటువైపు గోల్డెన్ గేట్ వంతెన కనపడుతుంది. ఇటువైపు ఎటు చూసినా కుక్కలే.

జున్నుని తెచ్చిన నెలకే అక్కడికి తీసుకెళ్ళాను. గేట్ దాటగానే హుషారుగా తాడు విప్పేశాను. అది పరిగెత్తడం మొదలుపెట్టింది. ఆ పరుగు చూస్తే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, నిజం. అరగంట తర్వాత ఇంటికెళ్దామని "జున్నూ, కమ్" అన్నాను.

అది ఆగింది. నా వైపు చూసింది. చెవులు వెనక్కి వాల్చి, ఒళ్ళు నేలకి అదిమి, మెల్లగా ఇంకో వైపు నడిచి వెళ్ళిపోయింది.

దాన్ని పట్టుకోడానికి గంటా పది నిమిషాలు పట్టింది. చివరికి ఒక పెద్దావిడ తన దగ్గరున్న బిస్కెట్ చూపించి పట్టించింది. ఇస్తూ, "నీ కుక్కకి నువ్వంటే భయం లేదు, ఆ మాటంటే భయం" అంది.

చెడిపోయిన పిలుపు

వారం తర్వాత ఒక ట్రైనర్ దగ్గరికెళ్తే ఆయనా అదే చెప్పాడు. కుక్కని పిలిస్తే వెనక్కి రావడాన్ని వీళ్ళు రీకాల్ అంటారు. నాకు ఆ మాట వినగానే గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఏదో గుర్తొచ్చినంత గంభీరంగా చెప్తారు. కానీ లోపలున్న సూత్రం మాత్రం చాలా సింపుల్. పిలిచిన ప్రతిసారీ కుక్క ఒక లెక్క వేసుకుంటుంది. "వెళ్తే నాకేం జరుగుతుంది?"

వెళ్తే తిట్లు. వెళ్తే స్నానం. వెళ్తే మందు. వెళ్తే ఆట బంద్, కారెక్కు. ఇలా నాలుగుసార్లు జరిగితే ఆ పిలుపు చెడిపోతుంది. ట్రైనర్లు దాన్ని విషం కలిసిన పిలుపు అంటారు. జున్నుని ఇంతకు ముందు పెంచినవాళ్ళు "కమ్" అని పిలిచి ఏం చేశారో నాకు తెలీదు. కానీ ఆ మాట దానికి చెడిపోయిందని మాత్రం తెలిసింది.

"చెడిపోయిన మాటని బాగుచెయ్యడం కంటే కొత్త మాట వెతుక్కోవడం తేలిక. మీ భాషలో ఏదైనా ఉందా?" అన్నాడాయన.

ఉంది. మా అమ్మ చిన్నప్పుడు అన్నం ముద్ద పట్టుకుని నా వెనక తిరుగుతూ "దా... దా" అనేది. ఆ మాట వెనక ఎప్పుడూ ముద్దే ఉండేది, దెబ్బ ఉండేది కాదు. అదే ఖాయం చేశాం.

ఆరు నెలలు పట్టింది. మొదట ఇంట్లో, తర్వాత అపార్ట్‌మెంట్ వెనక, తర్వాత పది మీటర్ల పొడుగు తాడుతో పార్కులో. "దా" అనడం, వస్తే ఉడకబెట్టిన చికెన్ ముక్క పెట్టడం, మళ్ళీ "ఎళ్ళు, ఆడుకో" అని వదిలెయ్యడం. ఆ చివరి మెట్టే అసలైనది. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి వదిలెయ్యాలి. లేకపోతే "దా" అంటే ఆట అయిపోయినట్టే అని దానికి అర్థమైపోతుంది.

ఇంకో సూత్రం కూడా చెప్పాడు. అది నాకు మొదట్లో ఎక్కలేదు. కుక్క ప్రమాదం వైపు పరిగెడితే నువ్వు దాని వెనక పరిగెత్తకు. వెనక పడితే దానికది ఆట, లేదా భయం. వీపు తిప్పి రెండో వైపు పరిగెత్తు. అదే నీ వెనక వస్తుంది.

ఎత్తని ఫోన్

ఇప్పుడు నాన్న దగ్గరికొస్తాను.

చిన్నప్పుడు నాన్న పిలిచాడంటే మార్కుల గురించి. ఇంజనీరింగ్‌లో పిలిచాడంటే బ్యాక్‌లాగ్ గురించి. ఉద్యోగం వచ్చాక ఫోన్ చేశాడంటే పెళ్ళి గురించి. "ఫలానా వాళ్ళ అమ్మాయి డాలస్‌లో ఉందట, మాట్లాడావా?" "నీకు ఇరవయ్యారు నిండాయి, గుర్తుందా?" ప్రేమ లేక కాదు, నాకు తెలుసు. కానీ స్క్రీన్ మీద "నాన్న" అని వెలగగానే నా చెవులు కూడా వెనక్కి వాలేవి. మీటింగ్‌లో ఉన్నానని మెసేజ్ పెట్టేవాణ్ని. చాలాసార్లు మీటింగ్ ఉండేది కాదు.

2023లో ఒక రాత్రి వరుసగా ఫోన్లు వచ్చాయి. ఆ వారం ఒక సంబంధం విషయంలో గొడవ పడ్డాం. అదే అనుకున్నాను. ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. నాయనమ్మ పోయింది. ఆఖరి గంటలో "గుంటడేడీ, ఓపాలి మాట్లాడించండి" అని అడిగిందట. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి ఉంది. అపాయింట్‌మెంట్లు దొరకడం లేదు. వెళ్తే తిరిగి రాగలనో లేదో తెలీక వెళ్ళలేదు. దినకార్యాలు వీడియోలో చూశాను.

ఆ తర్వాత నాన్న ఫోన్ చెయ్యడం మానేశాడు. అమ్మ చేసేది. వెనకాల ఆయన దగ్గు వినపడేది.

"ఏట్రా ఇది, మన దిబ్బలే"

పోయిన ఏడాది ఏప్రిల్‌లో అమ్మా నాన్నా వచ్చారు. అమ్మ రెండో రోజే జున్నుకి పెరుగన్నం పెట్టేసింది. నాన్న మాత్రం అది సోఫా ఎక్కితే లేచి కుర్చీలోకి మారిపోయేవాడు. నాతో కూడా అంతే. కాఫీ తాగావా, ఆఫీసుకెళ్తున్నావా. అంతకు మించి లేదు.

ఒక ఆదివారం అమ్మ చలి అని రానంది. నాన్నని, జున్నుని తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫోర్ట్ ఫన్‌స్టన్ వెళ్ళాను. నగరానికి నైరుతి మూల, పసిఫిక్ ఒడ్డున ఎత్తైన ఇసుక కొండలు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి స్థావరం, ఆ తర్వాత నైకీ క్షిపణుల కేంద్రం. ఇప్పుడు ఆ సైనిక స్థలంలో కుక్కలు బంతులాడుకుంటున్నాయి.

కారు దిగి నాన్న చుట్టూ చూశాడు. ఇసుక దిబ్బలు, గాలికి కోసుకుపోయిన అంచులు, కింద సముద్రం. "ఏట్రా ఇది, మన ఎర్రమట్టి దిబ్బల్లాగే ఉన్నాది. రంగే తక్కువ" అన్నాడు. భీమిలి వెళ్ళే దారిలో ఆ దిబ్బలు చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఆయన తప్పు చెప్పలేదు. ఆయన ముఖంలో నవ్వు చూసి చాలా రోజులైందని అప్పుడే గుర్తొచ్చింది.

దారిలో వస్తూ నగరం పడమటి అంచున ఉన్న ఓషన్ బీచ్ చూపించాను. పేరొకటే, శాన్‌డియాగోలోది వేరు. ఇక్కడ కొంత మేర స్నోయీ ప్లోవర్ అనే పిట్ట కోసం ఏడాదిలో ఎక్కువ భాగం లీష్ తప్పనిసరి. గుప్పెడంత పిట్ట, ఇసుక రంగులోనే ఉంటుంది. 1993 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. కుక్క దాన్ని చంపక్కర్లేదు, ఊరికే తరిమినా చాలు. విశ్రాంతి తీసుకుని ఒంట్లో శక్తి దాచుకోవాల్సిన పిట్ట, పరుగుల్లోనే దాన్ని ఖర్చు పెట్టేస్తుంది.

నాన్న వెంటనే అందుకున్నాడు. "మన దగ్గర తాబేళ్ళకీ ఇదే గొడవ కదా." నిజమే. చలికాలం నుంచి వేసవి మొదటి దాకా విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కుక్కలు ఇసుక తవ్వి ఆ గుడ్లు తినేస్తాయి. అందుకే అటవీశాఖ వాళ్ళు గుడ్లు సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు. "కుక్కదేం తప్పు లేదు, తాబేలుదీ లేదు. మధ్యలో మనిషి ఉండాలి" అన్నాడు. డ్రిల్లు మాస్టారు కదా, గీత ఎక్కడ గియ్యాలో ఆయనకి తెలుసు.

ఫన్‌స్టన్‌లోనూ ఆ గీత గురించి ఏళ్ళ తరబడి వాదన జరిగింది. ఈ నేల గోల్డెన్ గేట్ నేషనల్ రిక్రియేషన్ ఏరియాలో భాగం. అంటే నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉంది. వాళ్ళ మామూలు నిబంధన ప్రకారం ఆరడుగుల లీష్ ఉండాలి. 1979లో తెచ్చిన ఒక విధానం వల్ల ఇక్కడ మాత్రం మాట వినే కుక్కల్ని వదలొచ్చు. దాన్ని బాగా బిగిద్దామని కొత్త ప్రతిపాదన తెచ్చారు, కుక్కలవాళ్ళు ఎదురుతిరిగారు, 2017లో అది ఆగిపోయింది. కొండ అంచుల్లో బొరియలు చేసుకుని గూళ్ళు పెట్టే బ్యాంక్ స్వాలో పిట్టలున్నాయి కాబట్టి కొన్ని చోట్లకి మాత్రం కుక్కనీ మనిషినీ కూడా రానివ్వరు.

ఆ కొన్ని సెకన్లు

జున్నుని వదిలాను. అరగంట బ్రహ్మాండంగా సాగింది. పిలిస్తే వస్తోంది, ముక్క తింటోంది, పోతోంది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూ పైన ఎగురుతున్న హ్యాంగ్ గ్లైడర్లని చూస్తున్నాడు.

అంతలో ఒక పెద్ద కాకి జున్ను ముందు వాలింది. ఇక్కడివి మన కాకులకి రెండింతలుంటాయి. రెండడుగులు గెంతింది, ఎగిరింది, మళ్ళీ వాలింది. జున్ను దాని వెనక పడింది. కాకి వెళ్తున్నది కొండ అంచు వైపు.

ఆ అంచులు గట్టివి కావు. ఇసుక. బోర్డులు పెట్టి మరీ చెప్తారు. కుక్కలు జారి పడితే అగ్నిమాపక సిబ్బంది తాళ్ళతో దిగి తీసిన సందర్భాలున్నాయి.

"జున్నూ!" అని అరిచాను. అది నా మామూలు గొంతు కాదు. భయం. అది వినలేదు. అప్పుడే పక్కనుంచి నాన్న గొంతు పేలింది. "ఏయ్! ఆగు!" ముప్ఫయ్యేళ్ళు గ్రౌండ్‌ని గడగడలాడించిన గొంతు. జున్ను ఉలిక్కిపడి ఆగింది. చెవులు వెనక్కి వాల్చింది. ఒళ్ళు నేలకి అదిమింది. మెల్లగా, మాకు దూరంగా, అంచు వైపే జరగడం మొదలుపెట్టింది.

పాయింట్ ఇసబెల్ గుర్తొచ్చింది. నాన్న దాని మీదికి పరిగెత్తబోతున్నాడు. భుజం పట్టుకున్నాను. "నాన్న, అరవకు. వెనక పడకు."

తర్వాత వీపు తిప్పాను. దానికి దూరంగా, పార్కింగ్ వైపు పరిగెత్తడం మొదలుపెట్టాను. గొంతులో ఎక్కడి నుంచో నవ్వు తెచ్చుకుని "దా! దా దా దా!" అంటూ.

"కుక్క అటుంటే ఇటు పరిగెడతావేట్రా!" నాన్న అరుపు.

వెనక్కి చూడకూడదు. చూస్తే నేను ఆగిపోతాను, నేను ఆగితే అదీ ఆగుతుంది. ఐదారు సెకన్లుంటాయేమో. నా ఉద్యోగంలో సర్వర్లు పడిపోయిన రాత్రులు చూశాను, అవేవీ ఇంత పొడుగ్గా లేవు. ఇసుకలో నా అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత గలగలమని సన్నటి శబ్దం. దాని మెడలో ఉన్న బిళ్ళలు. దగ్గరవుతోంది. నా మోకాలికి మెత్తగా ఏదో తగిలింది.

కూలబడిపోయాను. సంచిలో ఉన్న చికెన్ మొత్తం దాని ముందు ఒంపేశాను.

నాన్న రొప్పుతూ వచ్చాడు. "నాలుగు తగిలించక తినిపిస్తావేట్రా? చచ్చేది ఇప్పుడు!"

"తిరిగొచ్చింది కదా నాన్న. వచ్చినందుకు కొడితే రేపు పిలిస్తే రాదు."

చెప్పాలని చెప్పింది కాదు. ట్రైనర్ చెప్పిన మాట, నోటికొచ్చింది. కానీ అన్నాక మా ఇద్దరికీ వినపడింది.

బెంచీ మీద

జున్నుకి తాడు తగిలించి, బెంచీ మీద కూర్చున్నాం. తెచ్చిన గిన్నెలో దానికి నీళ్ళు పోశాను. నాన్న చాలాసేపు సముద్రం వైపు చూశాడు.

"నాయనమ్మ పోయిన్నాడు పదకొండుసార్లు చేశాను" అన్నాడు.

"తెలుసు."

"ఎందుకెత్తలేదో అడగలేదు నిన్ను."

నేను అబద్ధం చెప్పలేదు. "తిడతావనుకున్నాను. పెళ్ళి సంగతి."

ఆయన తల ఊపాడు. కోపం లేదు. గాలికి కళ్ళు నలుపుకున్నాడు, గాలికేనని నేనూ అనుకున్నాను. "మిగతా రోజులు అందుకే చేశాను కదరా. నీకెలా తెలుస్తాది, ఆ రోజు వేరని."

క్షమించమని నేను అడగలేదు, ఆయనా అడగలేదు. మా ఇళ్ళల్లో ఆ మాటలకి అలవాటు లేదు. నాయనమ్మ చివరి కోరిక అలాగే మిగిలిపోయింది. దాన్ని ఏ చికెన్ ముక్కా బాగుచెయ్యదు. ఫోన్ ఎత్తి ఉండాల్సింది నేను. ఆయన పిలుపు చెడిపోయినంత మాత్రాన నా తప్పు పోదు. నేను కుక్కని కాదు కదా, ఎత్తి ఒక్క నిమిషం విని ఉండొచ్చు.

కారెక్కే ముందు నాన్న చెయ్యి చాపి, "ఒక ముక్క ఉంటే ఇలాగియ్యి" అన్నాడు. అయిపోయాయన్నాను. జేబులోంచి అమ్మ కట్టిన జంతిక తీసి, విరిచి, చిన్న గొంతుతో "దా" అన్నాడు. జున్ను నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఆలోచించింది. వెళ్ళలేదు. "దానికి టైం పడతాది" అని జంతిక తనే తినేశాడు.

మీరూ వెళ్తే

మీలో కుక్కలున్న వాళ్ళు, ఇలాంటి చోట్లకి వెళ్తే కొన్ని గుర్తుపెట్టుకోండి. మంచినీళ్ళు మీరే పట్టుకెళ్ళండి. ఉప్పునీళ్ళు తాగితే కుక్కకి వాంతులు, విరేచనాలు అవుతాయి. ఉత్తర కాలిఫోర్నియా సముద్రం ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటుంది, అలలు చెప్పకుండా మీద పడతాయి. ఎండిన గడ్డిలో ఫాక్స్‌టెయిల్ ముళ్ళుంటాయి. ఇంటికి రాగానే కాలివేళ్ళ సందులు, చెవులు వెతకండి. అది చేసింది మీరే ఎత్తండి. పిట్టల కోసం పెట్టిన బోర్డు కనపడితే మారుమాట లేకుండా తాడు తగిలించండి. అన్నిటికంటే ముందు, పిలిస్తే వచ్చేదాకా తాడు విప్పకండి. తాడు విప్పడం దానికిచ్చే స్వేచ్ఛే. కానీ ఆ స్వేచ్ఛకి ముందు ఆరు నెలల పని ఉంది, అది మనదే.

నాన్నా అమ్మా అక్టోబర్‌లో వెళ్ళిపోయారు. వెళ్ళేనాటికి జున్ను సోఫా మీద, నాన్న దాని పక్కన. కుర్చీలోకి మారడం ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు.

ఇప్పుడు నాన్న వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు నా చెవులు అలవాటుగా వెనక్కే వాలాయి. ఎత్తాను. స్క్రీన్ మీద ఆయన ముఖం లేదు. భీమిలి సముద్రం ఉంది. "ఇదిగో, ఇవాళ అలలు చూడు. వేట పడవలు ఇప్పుడే వచ్చాయి. సరే, పని చేసుకో" అని రెండు నిమిషాల్లో పెట్టేశాడు. పెళ్ళి మాట లేదు. పిలిచి, చూపించి, వదిలేశాడు.

తొమ్మిదిసార్లు అలాగే అయింది. పదోసారి అడిగాడు, "ఆ డాలస్ అమ్మాయితో మాట్లాడావా?" అని.

నవ్వొచ్చింది. అయినా ఫోన్ పెట్టెయ్యలేదు.